రేకుకు నూనె, సలాకకు వద్దు

"ఇంత సిమెంటు కొంటిమి, ఇంత సలాక కొంటిమి. ఆఖరుకు బండ్ల షాపు నల్లనూనె పూసుడేంది?"

కోరుట్లలో స్లాబ్‌కు తయారవుతున్న ఇంటి ముందు నిలబడి ఇంటాయన అడిగిన మాట ఇది. గల్ఫ్‌లో ఇన్నేళ్లు కూడబెట్టిందంతా రెండు రోజుల్లో మిల్లర్‌లో తిరగబోతోంది, ఆయన అనుమానం ఆయనది. పైన పరిచిన సెంట్రింగ్ రేకుల మీద ఒక పిలగాడు గొంతుకూర్చుని, డబ్బాలో గుడ్డ ముంచి, కాటుకలాంటి నూనె పూసుకుంటూ వెనక్కి జరుగుతున్నాడు. మేస్త్రి తలెత్తకుండానే జవాబిచ్చాడు: "పుయ్యకుంటె రేకు పట్టుకుంటది కాకా. పట్టుకుంటె మల్ల ఇడువది."

జవాబు నిజమే. ప్రశ్న మాత్రం తీరలేదు. పట్టుకోవడమే కదా కాంక్రీటు పని? సలాకను గట్టిగా పట్టుకుంటుందనే కదా స్లాబ్ కింద మనం నిద్రపోతున్నాం? రేకూ ఇనుమే, సలాకా ఇనుమే. రెంటి మధ్య ఎడం 20 మిల్లీమీటర్లు, అంటే కవర్ బ్లాక్ మందం. పైనుంచి పడే ముద్ద ఒక్కటే. ఆ ముద్ద సలాకను జన్మంతా వదలకూడదు, రేకును రెండు వారాల్లో వదిలేయాలి. ఇద్దరు కవలల్లో ఒకరిని ఇంట్లో ఉంచుకుని ఇంకొకరిని గడప దాటించినట్టు. ఈ తేడా అంతా నడిపించేది ఆ గుడ్డకు అంటిన నూనె. ఇంజనీర్లు దాన్ని రిలీజ్ ఏజెంట్ అంటారు, దుకాణంలో సెంట్రింగ్ ఆయిల్, షట్టరింగ్ ఆయిల్ అంటారు. ఈ అధ్యాయం మట్టుకు విడుపునూనె అందాం.

సర్వపిండి గిన్నె

మా కరీంనగర్ జిల్లాల ఇళ్లలో ఈ శాస్త్రం వంటింట్లోనే ఉంది. సర్వపిండి చేసేటప్పుడు గిన్నెకు ముందు నూనె రాస్తారు, ఆపైన తడిపిన బియ్యప్పిండి ముద్దను గిన్నె లోపల వేళ్లతో అద్దుతారు, అక్కడక్కడా చిల్లులు పెట్టి వాటిలో ఇంకో రెండు చుక్కలు వేస్తారు, మూత పెట్టి సన్నటి సెగ మీద కాలుస్తారు. నూనె సరిగా పడితే అప్ప గుండ్రంగా ఊడి వస్తుంది. తక్కువైన చోట అడుగంటుతుంది. అంటిన చోట గీకకుండా రెండో వాయి అద్దితే మళ్లీ సరిగ్గా అక్కడే అంటుతుంది. ఈ ఆఖరి సంగతి గుర్తుంచుకోండి, స్లాబ్ విప్పేనాడు పనికొస్తుంది.

ఒక తేడా ఉంది. సర్వపిండి కాలి గట్టిపడుతుంది. సిమెంటు కాలదు, ఎండదు కూడా. చాలామంది స్లాబ్ 'ఆరింది' అంటారు గానీ, అది ఆరితే చెడుతుంది. అందుకే మడులు కట్టి మరీ నీళ్లు పెడతాం. సిమెంటు గట్టిపడేది నీళ్లు తాగి. నీరు తగిలిన ప్రతి సిమెంటు రేణువు చుట్టూ జిగురులాంటి పదార్థం పుడుతుంది, అందులోంచి కంటికి కనబడనంత సన్నటి నారలు, పలుకులు మొలుస్తాయి. పక్క రేణువు నారలతో అవి పెనవేసుకుంటాయి. పల్లేరుకాయలు గుత్తులుగా చిక్కుకున్నట్టు మొత్తం ముద్ద ఒక్కటవుతుంది.

ఈ నారలకు ఎదురుగా ఏముందన్న పట్టింపు లేదు. రేకు మీద సన్నటి తుప్పు ఉంటే దాని గుంటల్లోకి దిగుతాయి. కట్టె పలక అయితే దాని రంధ్రాల్లోకి సిమెంటు నీరు పాకుతుంది, నీటి వెంట సిమెంటూ పోతుంది, లోపల గట్టిపడుతుంది. వేర్లు పట్టిన మొక్కను పీకినప్పుడు మట్టి పెళ్ల కూడా వచ్చినట్టు, పట్టిన రేకును పీకితే స్లాబ్ చర్మం ఊడి వస్తుంది. కంకర బయటపడుతుంది, ఒక్కోసారి సలాక కూడా.

నూనె చేసే మొదటి పని తేలికైంది. చామాకు మీద నీటిబొట్టు చూసే ఉంటారు, అటూ ఇటూ దొర్లుతుంది తప్ప ఆకును తడపదు. నూనె పూసిన రేకు కూడా అంతే. సిమెంటు ముద్దలోని నీరు రేకును తడపలేదు, తడపని చోటికి నారలు పోలేవు. నడుమ ఒక పొర అడ్డుంది. డీజిల్, ఇంజన్ ఆయిల్, గ్రీస్, మైనం అన్నీ ఈ జాతివే. వీటిని అడ్డుపొర నూనెలు అనొచ్చు.

బకెట్ అంచున తెల్లటి తెట్టు

రెండో జాతి నూనెల కథ ఇంకా బాగుంటుంది. దానికోసం బోరు దగ్గరికి వెళ్లాలి.

మా వైపు చాలా బోర్ల నీళ్లలో సబ్బు నురగ రాదు. రుద్దినకొద్దీ నీటి మీద తెల్లటి, జిడ్డు జిడ్డుగా ఉండే తెట్టు తేలుతుంది. బట్టలు ఉతికాక బకెట్ అంచుకు గీత కట్టేదీ, వేలితో రాస్తే జారేదీ అదే. బోరు నీటిలో కాల్షియం ఎక్కువ. సబ్బులోని కొవ్వు ఆమ్లం పోయి ఆ కాల్షియాన్ని పట్టుకుంటుంది. అలా పుట్టేదీ ఒక రకం సబ్బే, కాకపోతే నీటిలో కరగని సబ్బు. ఉతికే మనిషికి అది శాపం. స్లాబ్ పోసే మనిషికి అదే వరం.

ఎందుకంటే సిమెంటు నీళ్లు తాగేటప్పుడు జిగురుతో పాటు సున్నం కూడా పుడుతుంది. తడి కాంక్రీటులో చెయ్యి పెడితే మండేది, రాత్రికి వేళ్ల సందుల్లో ఒరిసిపోయేది ఈ సున్నపు క్షారం వల్లే. సున్నం అంటే కాల్షియమే. రేకుకు పూసిన నూనెలో కొవ్వు ఆమ్లం ఉంటే, పోసిన కొద్దిసేపటికే సున్నమూ ఆమ్లమూ కలిసి రేకుకూ కాంక్రీటుకూ మధ్య అదే బకెట్ తెట్టు పుడుతుంది. కరగదు, జారుతుంది, కాంక్రీటు గట్టిపడినా తాను గట్టిపడదు. అడ్డుపొర నూనెను రేకు మీద మనం పరుస్తాం. సబ్బుపొరను కాంక్రీటు తన సున్నంతో తానే చేసుకుంటుంది. అందుకే దీనికి నూనె చాలా తక్కువ పడుతుంది. సున్నం ఎంతవరకు అందితే అంతవరకే సబ్బు, మిగిలిన నూనె దండగ.

కొవ్వు ఆమ్లాలు ఉండేది మొక్కల నూనెల్లో, జంతువుల కొవ్వులో. ఈ మాట విని నువ్వులకు పేరున్న జగిత్యాల వాళ్లు గానుగ దగ్గరికి పరుగెత్తనక్కర్లేదు. వంటనూనెలో ఆ ఆమ్లాలు విడిగా కాక కట్టలు కట్టి ఉంటాయి, క్షారం వాటిని విప్పేదాకా ఆగాలి. పైగా అవిసె నూనెలాంటివి గాలికి బంకలా ఎండిపోతాయి, విడిపించడం పోయి అతికిస్తాయి. కంపెనీ నూనెల్లో ఆమ్లాన్ని కొలత ప్రకారం కలుపుతారు. మజ్జిగలా తెల్లగా, నీళ్లలో కలిపి అమ్మేవీ ఉన్నాయి. పూశాక నీరు ఆవిరై నూనె మిగులుతుంది. ఆవిరయ్యేలోపు వాన వస్తే మళ్లీ మొదటినుంచి మొదలు.

రేకుకు మూడు చెంచాలు

దుబాయిలో షట్టరింగ్ కార్పెంటర్‌గా చేసి వచ్చినాయన ఒకసారి నాతో అన్నాడు: "ఆడ పుయ్యకుంటె తిట్టిన్రు, ఎక్కువ పూసినా తిట్టిన్రు. ఎక్కువ పూసినందుకే ఎక్కువ తిట్టిన్రు." మన దగ్గర ఈ రెండో తిట్టు ఇంకా రాలేదు.

ఒక లెక్క వేద్దాం. మంచి విడుపునూనె ఒక లీటరు సుమారు 40 చదరపు మీటర్లకు, అంటే 48 గజాలకు సరిపోతుంది. మన సెంట్రింగ్ రేకు మూడడుగులు పొడవు, రెండడుగులు వెడల్పు. లీటరుకు 70 రేకులు దాటుతాయి. ఒక్కో రేకు వంతుకు వచ్చేది 14 మిల్లీలీటర్లు, టీ చెంచాతో మూడు చెంచాలకు తక్కువ. ఆ పొర మందం మిల్లీమీటరులో నలభయ్యో వంతు. మన తలవెంట్రుక అంతకు రెండు మూడింతలు లావు. అంటే పూయడంలో సగం పని తుడవడమే. డబ్బాలో ముంచిన గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఇంకోసారి. వేలితో గీస్తే వేలికి మెరుపు అంటాలి, రేకు మీద నూనె కుప్ప పడకూడదు.

సిరిసిల్ల వాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. మరమగ్గం మీదికి ఎక్కే నూలు పడుగుకు సైజింగ్‌లో గంజి పట్టిస్తారు. తక్కువైతే పోగు రాపిడికి తెగుతుంది, ఎక్కువైతే బిరుసెక్కి విరుగుతుంది. నేత అయ్యాక ఆ గంజి గుడ్డలో ఉండాల్సిన పనే లేదు, కడిగేస్తారు. విడుపునూనె కూడా అంతే, పని కాగానే కనబడకుండా పోవాల్సిన పూత. మగ్గం నూనె చుక్క గుడ్డ మీద పడితే ఆ మీటరు ధర ఏమవుతుందో కూడా వాళ్లకు తెలుసు. స్లాబ్‌కు అడుగున పడే మరక అలాంటిదే, కాకపోతే కత్తిరించి పారేయలేం.

ఎక్కువైన నూనె ఏం చేస్తుంది? మొదటిది, కాంక్రీటు పైపొరలో కలిసి అక్కడి సిమెంటును నీళ్లు తాగనివ్వదు. రేకు విప్పాక చేత్తో రాస్తే బూడిదలా పొడి రాలుతుంది. రెండోది మేస్త్రుల కన్నా పెయింటర్లకు బాగా తెలుసు. నూనె తాగిన సీలింగ్ మీద ప్లాస్టరింగ్ నిలవదు, లప్పం పొరలు పొరలుగా లేస్తుంది. అప్పుడు సుత్తి పట్టుకుని సీలింగంతా గాట్లు కొట్టాలి. నూనెకు పెట్టినదానికి పదింతలు కూలి.

మూడోది పిల్లర్ల దగ్గర కనిపిస్తుంది. కాంక్రీటు పోసేటప్పుడు గాలీ లోపల చిక్కుకుంటుంది. వైబ్రేటర్ పెడితే బుడగలు పైకి పోవాలి. స్లాబ్‌లో దారి దగ్గరే. పిల్లర్ బాక్సులో పది అడుగుల గోడ పట్టుకుని ఎక్కాలి. గోడకు నూనె చిక్కగా ఉంటే బుడగ అక్కడే అంటుకుని నిలిచిపోతుంది, బెల్లప్పాకానికి చీమ అంటినట్టు. బాక్సు విప్పితే మశూచి మచ్చల్లా గుంతలు. నేను వీటిని గాలిగుంతలు అంటాను. ఇంటి పిల్లర్‌కు అవి అందం చెడగొట్టేవే తప్ప బలం తీసేవి కావు, లప్పంతో కప్పొచ్చు. సిరిసిల్ల జిల్లా మాన్వాడ దగ్గర మిడ్ మానేరు డ్యాములాంటి చోట, 25 గేట్ల నడుమ నీటికి ఎదురు నిలిచే కాంక్రీటుకు లప్పం ఎవరు పెడతారు? అక్కడ ముఖం ఎలా పోస్తే అలాగే ఉండాలి.

అపార్టుమెంట్లలో ఇప్పుడు వాడే అల్యూమినియం బాక్సులకు ఇంకో పేచీ ఉంది. కొత్త అల్యూమినియాన్ని సిమెంటు క్షారం తినబోతుంది, ఆ పోట్లాటలో హైడ్రోజన్ బుడగలు పుడతాయి. గుంతలకు బయటి గాలి కూడా అక్కర్లేదన్నమాట.

గచ్చుకు బెల్లం పడుతుంది, సిమెంటుకు పడదు

సెంట్రింగ్ అనే మాట ఎక్కడిదో చూద్దాం. రాతితోనో ఇటుకతోనో కమాను కట్టేటప్పుడు, పైన మూతరాయి పడేదాకా అడుగున మోసే కట్టె చట్రానికి ఇంగ్లీషులో పెట్టిన పేరు అది. కమాను కట్టడం పోయింది, పేరు స్లాబ్‌కు దిగింది. 1747లో ఫ్రెంచి ఇంజనీర్ల చేత కట్టించారని చెప్పే జగిత్యాల కోట, ఆ నక్షత్రాకారపు గోడలు, సున్నపు గచ్చు కాలానివి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ తీరుబడిగా గట్టిపడుతుంది. ఆ పనివాళ్లకు సిమెంటులాంటి తొందర లేదు, కమాను కింది చట్రానికి రాళ్లు అతుక్కుంటాయన్న బెంగా అంతగా లేదు.

ఆ గచ్చులో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవాళ్లని మన ఊళ్లలో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. మంచిదే. ఆ నమ్మకంతో సిమెంటులో బెల్లం వేస్తే కొంప మునుగుతుంది. సిమెంటు బరువులో వెయ్యో వంతు చక్కెర చాలు, గట్టిపడటం గంటల తరబడి వాయిదా పడుతుంది. రెడీమిక్స్ లారీ దారిలో ఇరుక్కుంటే డ్రమ్ములో ముద్ద రాయి కాకుండా చక్కెర వేసే ఉపాయం కూడా ఉంది.

విడుపునూనెకు దీనికి సంబంధం ఏమిటంటే, కట్టెలోనూ చక్కెరలుంటాయి. కొత్త పలక, కొత్త ప్లైవుడ్ ఎండకు పడి ఉంటే ఆ చక్కెరలు పైకి తేలతాయి. వాటి మీద పోసిన కాంక్రీటు పైపొర గట్టిపడక పొడి రాలుతుంది. కొత్త పలక కదా, శుభ్రంగా ఉంది కదా అని నూనె మానేసేవాళ్లకు ఎదురయ్యే చిత్రం ఇది. కొత్తదానికే ముందు పూయాలి. ఒకటి రెండు సార్లు వాడాక దాని తీపి తగ్గుతుంది.

సలాక పరిచాక పూస్తే

ఇప్పుడు మళ్లీ ఆ 20 మిల్లీమీటర్ల దగ్గరికి వద్దాం.

కాంక్రీటు నొక్కితే నిలుస్తుంది, లాగితే తెగుతుంది. లాగుడుకు దాని బలం నొక్కుడు బలంలో సుమారు పదో వంతే. స్లాబ్ మధ్యలో నలుగురు నిలబడితే అడుగుభాగం సాగబోతుంది. ఆ లాగుడును సలాకకు అందించాలి. అందించేది పట్టు ఒక్కటే. పట్టు లేని సలాక, ఒరలో కత్తిలా, లోపల జారుతుంది. ఈ రోజుల టీఎంటీ రాడ్డుకు గాట్లున్నాయి కాబట్టి నూనె అంటినా కొంత పట్టు ఆ గాట్ల వల్ల మిగులుతుంది. వెనకటి నున్నటి సలాకకు చర్మపు పట్టు తప్ప ఇంకేం లేదు. అయినా గాట్లను నమ్ముకుని నూనె పోసుకోవడం, సీటు బెల్టు ఉందని గోడకు గుద్దుకోవడంలాంటిది.

మన ప్రమాణ గ్రంథం ఐఎస్ 456, 2000 నాటి కూర్పు, ఈ రెండు మాటలూ చెబుతుంది. అచ్చులకు విడుపునూనె పలుచగా, సమంగా పూయాలి, అది రాడ్లకు అంటకూడదు. రాడ్ల మీద ఊడే తుప్పు, రంగు, నూనె, బురద ఉండకూడదు. ఊడని సన్నటి తుప్పు మాత్రం భయపడాల్సింది కాదు. గరుకు పెంచుతుంది, పట్టుకు మంచిదే. ఇంటాయనలు తుప్పును చూసి కంగారుపడతారు, నూనెను చూసి ఊరుకుంటారు. తలకిందులు.

చాలా సైట్లలో తప్పు పూతలో జరగదు, వరుసలో జరుగుతుంది. సలాక కట్టేవాళ్లు ముందే వచ్చేస్తారు, జాలీ కట్టేస్తారు, ఆ తర్వాత ఎవరికో నూనె గుర్తొస్తుంది. సందుల్లోంచి చీపురుతో చిలకరిస్తారు. రేకుకు పడ్డది ఎంత, సలాకకు పడ్డది ఎంత? లేదంటే నూనె సరిగ్గానే పూస్తారు, తడి రేకుల మీద నడిచిన చెప్పులతోనే జాలీ మీద నడుస్తారు. మే నెల జగిత్యాల ఎండ 45 డిగ్రీలకు పోయినప్పుడు ఇంకో ఇబ్బంది. పలుచటి నూనె కొంత ఆవిరవుతుంది, మిగిలినదానికి రోడ్డు దుమ్ము అతుక్కుంటుంది, మూడు రోజులు పోయేసరికి అది నూనె కాదు, గరుకు కాగితం.

నల్లనూనె సంగతి

మొదటి ప్రశ్నలో నల్లనూనె మీద ఆయన చిరాకు సబబే, కారణం మాత్రం వేరు. సిమెంటును అది చంపదు, పలుచగా పూస్తే రేకునూ వదిలిస్తుంది. మరకలు పెడుతుంది. అసలు నష్టం ఆ పిలగాడి చేతులకు.

ఇంజన్‌లో కాలిన నూనెలో మసి, అరిగిన లోహాల పొడి, కాలుడులో పుట్టిన విషపు నూనెలు చేరతాయి. శుద్ధి చేయని, అరకొరగా శుద్ధి చేసిన ఖనిజ నూనెలను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి వరుసలో పెట్టింది. ఒక్కసారి అంటితే ఏమీ కాదు. ఏళ్ల తరబడి వట్టి చేతులతో, అదే గుడ్డతో, అదే చేత్తో బీడీ ముట్టించుకుంటూ పనిచేసే మనిషి లెక్క వేరు. చట్టం కూడా వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థంగానే చూస్తుంది. 2016 నియమాల ప్రకారం అది అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే పోవాలి. ఒక కారులో ఒకసారి మార్చిన నూనె పది లక్షల గాలన్ల మంచినీటిని చెడగొట్టగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. మన సైట్లలో డబ్బా కడిగిన నీళ్లు పోయేది పక్కనున్న బోరు గుంతలోకి. లీటరుకు మిగిలే నాలుగు పైసల కోసం ఇదంతా. ముందు వేసిన లెక్క ప్రకారం 100 గజాల స్లాబ్‌కు కావాల్సింది రెండు లీటర్లకు కాస్త ఎక్కువ, అంతే.

విప్పేనాడు

ఐఎస్ 456 లెక్కలో పిల్లర్ పక్కపలకలు 16 నుంచి 24 గంటలకే విప్పొచ్చు. స్లాబ్ కింది పోటు కట్టెలు నాలుగున్నర మీటర్ల లోపు గదికి 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఆగాలి. సెప్టిక్ ట్యాంకు రింగులు, చేను చుట్టూ పాతే సిమెంటు కడీలు పోసేవాళ్లయితే మర్నాటికే అచ్చు ఊడదీస్తారు, ఎందుకంటే ఆ అచ్చే రేపటి కూలి. వాళ్లకు నూనె విషయంలో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

కోరుట్ల ఇంటికి పద్నాలుగో రోజున వెళ్లాను. జాకీలు ఒక్కొక్కటే దించుతుంటే రేకులు టప్ టప్‌మని వాటంతటవే రాలుతున్నాయి. వెల్లకిలా పడ్డ రేకుల మీద సిమెంటు లేదు, నల్లటి నీడలాంటి జిడ్డు మాత్రం ఉంది. వంటింటి మూలకు వచ్చేసరికి ఒక రేకు కదల్లేదు. గడ్డపార పెట్టి తిప్పితే అరచెయ్యంత పెళ్లతో సహా ఊడింది. తిప్పి చూస్తే రేకు మీద సరిగ్గా ఆ చోట, కొత్త సిమెంటు కింద, పోయినసారి వేరే ఎవరి ఇంటిదో పాత సిమెంటు చెక్కు గట్టిగా అతుక్కుని ఉంది.

ఇంటాయన పెళ్లను చేతిలోకి తీసుకుని పైకీ కిందికీ చూశాడు. "గీడ నూనె పుయ్యలేదా?"

"పూసినం కాకా," అన్నాడు మేస్త్రి. "గీకలే."